గిటార్ పెడళ్లలో కళ్లు చెదిరే ఎల్‌ఈడీ వెలుగును తగ్గించుకోవడం: సమగ్ర మార్గదర్శి

గిటార్ ఎఫెక్ట్స్ పెడల్ (గిటార్ శబ్దాన్ని మార్చే, కాలితో నొక్కే చిన్న డబ్బా) మీద ఉండే సూచిక దీపం చేయవలసిన పని ఒక్కటే. ఎఫెక్ట్ ఆన్‌లో ఉందో ఆఫ్‌లో ఉందో నిలబడిన చోటి నుంచి ఒక్క చూపులో తెలియాలి. అందుకు మిణుకుమనే వెలుగు చాలు. కానీ ఇటీవలి పెడళ్లలో, ముఖ్యంగా నీలం, తెలుపు ఎల్‌ఈడీలు బిగించిన వాటిలో, ఆ దీపమే నాబ్‌ల మీది గీతలను కనబడనీయకుండా చేస్తుంది, మసక వెలుతురు వేదిక మీద కళ్లలోకి సూటిగా కొడుతుంది, వీడియో తీస్తే కెమెరాలో పెద్ద తెల్లటి మచ్చగా పడుతుంది. దీన్ని తగ్గించడానికి ఒక చిన్న టేపు ముక్క నుంచి ఒక రెసిస్టర్ మార్పిడి వరకు అనేక మార్గాలున్నాయి. వాటిలో వెనక్కి తీసుకోగలిగిన వాటితో మొదలుపెట్టి, అవసరమైతేనే పెడల్ లోపలికి వెళ్లడం మంచి పద్ధతి.

అసలు ఇంత వెలుగు ఎందుకు వస్తోంది

కంటికి కనిపించే ఎరుపు వెలుగునిచ్చే ఎల్‌ఈడీని నిక్ హోలోన్యాక్ 1962లో రూపొందించారు. ఆ తరువాత చాలాకాలం పాటు వచ్చిన ఎల్‌ఈడీలు మందకొడివి. అవి చూడదగినంతగా వెలగాలంటే 10 నుంచి 20 మిల్లీ ఆంపియర్ల కరెంటు పంపవలసి వచ్చేది. 1993లో జపాన్‌లోని నిచియా సంస్థలో షూజి నకమురా అధిక కాంతినిచ్చే నీలి ఎల్‌ఈడీని సాధించిన తరువాత పరిస్థితి మారిపోయింది. ఆ నీలి ఎల్‌ఈడీకి గాను అకసాకి, అమానోలతో కలిపి ఆయనకు 2014లో భౌతికశాస్త్ర నోబెల్ బహుమతి కూడా వచ్చింది. ఇప్పుడు దొరికే పారదర్శకమైన 5 మిల్లీమీటర్ల నీలి ఎల్‌ఈడీ 20 మిల్లీ ఆంపియర్ల వద్ద కొన్ని వేల మిల్లీక్యాండెలాల (వెలుగు తీవ్రతకు కొలమానం) వెలుగునిస్తే, పాతకాలపు మసక కటకం ఎరుపు ఎల్‌ఈడీ అదే కరెంటు వద్ద కొన్ని పదులు మాత్రమే ఇచ్చేది. ఎల్‌ఈడీలు ఇంతగా మారినా, వాటికి కరెంటును అదుపు చేసే రెసిస్టర్‌ను మాత్రం చాలామంది తయారీదారులు పాత అలవాటు ప్రకారమే ఎంచుకుంటున్నారు. నా దృష్టిలో తప్పు ఎల్‌ఈడీది కాదు, ఆ రెసిస్టర్‌ది.

దీనికి కంటి స్వభావం కూడా తోడవుతుంది. చీకటికి అలవాటుపడిన కన్ను ఎరుపు కంటే నీలం, ఆకుపచ్చ రంగులకు ఎక్కువగా స్పందిస్తుంది. పైగా నీలి వెలుగు మిగతా రంగుల కన్నా ఎక్కువగా వంగి, రెటీనాకు కాస్త ముందే కేంద్రీకృతమవుతుంది కనుక దాని చుట్టూ మసక వలయం కనిపిస్తుంది. అందుకే పగలు గదిలో ముద్దుగా అనిపించిన నీలి దీపం రాత్రి వేదిక మీద భరించరానిదవుతుంది.

ఇంకొక సంగతి మొదటే మనసులో పెట్టుకోవాలి. కరెంటును సగానికి తగ్గిస్తే వెలుగు సగమైనట్టు కంటికి అనిపించదు. ఏదో కొంచెం తగ్గినట్టుంటుంది, అంతే. తేడా స్పష్టంగా తెలియాలంటే కరెంటును ఎనిమిదో వంతుకో పదో వంతుకో తీసుకురావాలి. ఒక కిలో ఓమ్ (ఓమ్ అంటే నిరోధానికి కొలమానం) రెసిస్టర్‌ను తీసి రెండు కిలో ఓమ్‌లది పెట్టి, "ఏమీ మారలేదే" అని నిరాశపడేవారు ఈ లెక్కను పట్టించుకోనివారే.

ముందుగా దీపాన్ని పరిశీలించడం

గదిలో దీపాలు ఆర్పి, పెడల్‌ను నేల మీద పెట్టి, గిటార్ మెడలో వేసుకుని నిలబడినప్పుడు కళ్లు ఎక్కడుంటాయో అక్కడి నుంచి చూడండి. బల్ల మీద పెట్టి దగ్గర నుంచి చూసి తీసుకునే నిర్ణయం దాదాపు ఎప్పుడూ తప్పుతుంది. తరువాత ఒక అడుగు పక్కకు జరిగి చూడండి. నిట్టనిలువుగా పైనుంచి చూసినప్పుడు మాత్రమే కళ్లలో గుచ్చుకుని, పక్క నుంచి చూస్తే మామూలుగా ఉంటే, అది నీటిలా పారదర్శకమైన కటకం గల ఎల్‌ఈడీ; దాని వెలుగు 15 నుంచి 30 డిగ్రీల ఇరుకు కోణంలో ఒకే గుత్తిగా పైకి పోతుంది. అలాంటిదానికి వెలుగు తగ్గించడం కంటే వెదజల్లడమే సగం మందు. ఎటు నుంచి చూసినా ఒకేలా ఎక్కువగా ఉంటే, కరెంటు తగ్గించవలసిందే.

డిజిటల్ పెడల్ లేదా మల్టీ ఎఫెక్ట్స్ యూనిట్ అయితే, చేతికి పనిముట్టు తీసుకునే ముందు దాని గ్లోబల్ సెట్టింగ్స్‌లో డిస్‌ప్లే, ఎల్‌ఈడీ వెలుగుకు సంబంధించిన ఎంపిక ఉందేమో వినియోగదారు పుస్తకంలో చూడండి. పెడల్‌కు 9 నుంచి 18 వోల్టుల వరకు ఏ సరఫరా అయినా ఇవ్వవచ్చని రాసి ఉండి, మీరు 18 వోల్టులు ఇస్తున్నట్టయితే, దీపం ఎక్కువగా వెలగడానికి అదే కారణం కావచ్చు. 4.7 కిలో ఓమ్‌ల రెసిస్టర్‌తో నీలి ఎల్‌ఈడీలో 9 వోల్టుల వద్ద సుమారు 1.3 మిల్లీ ఆంపియర్లు పారితే, 18 వోల్టుల వద్ద సుమారు 3.2 పారుతాయి.

పెడల్‌ను తెరవకుండా చేయగలిగినవి

అన్నిటికంటే సులువైనది టేపు. నల్లటి ఇన్సులేషన్ టేపు వెలుగును దాదాపు పూర్తిగా మూసేస్తుంది కనుక, దాన్ని అతికించి మధ్యలో సూదితో ఒక రంధ్రం పొడవాలి. చీకటిలో ఆ రంధ్రంలోంచి వచ్చే చుక్క సరిపోతుంది. గాయాలకు కట్టుకట్టేటప్పుడు వాడే తెల్లటి కాగితపు టేపు ఇంకా బాగా పనిచేస్తుంది, ఎందుకంటే అది వెలుగును ఆపడమే కాక వెదజల్లుతుంది కూడా. ఒక పొర చాలకపోతే రెండు, మూడు పొరలు వేయవచ్చు. ఎలక్ట్రానిక్ పరికరాల దీపాల కోసమే తయారుచేసిన మసక స్టిక్కర్లు కూడా దొరుకుతాయి. టేపుతో వచ్చే చిక్కంతా అది నిలవకపోవడమే. ఫుట్‌స్విచ్ పక్కనే ఉన్న ఎల్‌ఈడీ మీద బూటు రాసుకుంటూ ఉంటుంది, వేదిక వేడికి జిగురు కరిగి అంచులు లేస్తాయి. అతికించే ముందు ఆ చోటును ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన గుడ్డతో తుడిస్తే కొంత మేలు.

నెయిల్ పాలిష్ పూయడం బాగా ప్రచారంలో ఉన్న పద్ధతి. ఎల్‌ఈడీ బుడగ మీద పలుచగా ఒక పొర వేసి, ఆరిన తరువాత చీకటిలో చూసి, అవసరమైతే ఇంకొకటి వేయాలి. రంగు ఎంపిక ముఖ్యం. నీలి ఎల్‌ఈడీ మీద ఎర్రటి పాలిష్ వేస్తే ఎర్రటి వెలుగు రాదు, నీలి వెలుగు చాలావరకు ఆగిపోయి చచ్చిన రంగు మిగులుతుంది. అదే రంగు పాలిష్ గానీ పలుచటి నలుపు గానీ నయం. దీన్ని తరువాత తీసేయడానికి వాడే అసిటోన్ పెడల్ మీది రంగును, అక్షరాలను, ప్లాస్టిక్ కటకాలను కరిగించేస్తుంది. పెడల్‌ను ఎప్పటికైనా అమ్మాలనుకునేవారు పాలిష్‌ను ఎల్‌ఈడీ మీద కాకుండా పారదర్శకమైన టేపు మీద పూసి, దాన్ని అతికించుకోవడం మేలు. చెరగని మార్కర్ సిరా తేలికగా పూయవచ్చు, ఆల్కహాల్‌తో తేలికగా తుడిచేయవచ్చు, కానీ బాగా వెలిగే ఎల్‌ఈడీ మీద దాని ప్రభావం స్వల్పమే.

పారదర్శక కటకం ఉన్న ఎల్‌ఈడీలకు నాకు నచ్చిన మార్గం 400 లేదా 600 నంబరు సాండ్ పేపర్‌తో కటకాన్ని గరుకు చేయడం. చుట్టూ పెడల్ మీద రెండు పొరల టేపు అతికించి, ఎల్‌ఈడీ పైభాగాన్ని వేలి కొనతో చిన్న గుండ్రాలుగా రుద్దితే, అద్దంలా మెరిసే బుడగ పాలలా తెల్లబారుతుంది. మొత్తం వెలుగు పెద్దగా తగ్గకపోయినా, ఒకే గుత్తిగా పైకి పోయే వెలుగు నాలుగు వైపులకూ పరుచుకోవడంతో కంటికి గుచ్చుకునే గుణం పోతుంది. ఇది తిరిగి మార్చలేని పని, కాకపోతే ఎల్‌ఈడీ ఖరీదైన వస్తువు కాదు. ఎల్‌ఈడీ మీదికి పొట్టి హీట్ ష్రింక్ గొట్టాన్ని (వేడి తగిలితే ముడుచుకుని బిగిసే ప్లాస్టిక్ గొట్టం) గొడుగులా తొడగడం కూడా కొందరు చేస్తారు. పైనుంచి చూసేవారికి అది ఏమీ తగ్గించదు కనుక, పక్కన ఉన్న కెమెరా కోసం తప్ప దాన్ని సూచించలేను.

లోపలికి వెళ్లే ముందు

పెడల్‌కు గ్యారంటీ గడువు మిగిలి ఉంటే, తెరిచి టంకం పెట్టిన తరువాత అది చెల్లకపోవచ్చు. లోపల వాక్యూమ్ ట్యూబ్ ఉన్న పెడళ్లను, నేరుగా మెయిన్స్ కరెంటుకు తగిలించే పెడళ్లను అనుభవం లేనివారు తెరవకూడదు. ట్యూబ్ పెడళ్లలో కొన్ని బయటి నుంచి తీసుకునే తక్కువ వోల్టేజీని లోపల వందల వోల్టులకు పెంచుకుంటాయి, కరెంటు తీసేసిన తరువాత కూడా ఆ వోల్టేజీ విద్యుత్తును నిల్వ ఉంచే కెపాసిటర్లలో కొంతసేపు నిలిచి ఉంటుంది. మామూలు 9 వోల్టుల పెడళ్లలో మనిషికి ఆ ప్రమాదం లేదు. నష్టం జరిగితే పెడల్‌కే.

పనికి కావలసినవి ఇవి: సరిపడే స్క్రూడ్రైవర్, మల్టీమీటర్, సన్నని కొన గల సోల్డరింగ్ ఐరన్, రోజిన్ కోర్ టంకం తీగ, పాత టంకాన్ని లాగే పంపు లేదా రాగి జడ, క్రొకడైల్ క్లిప్పులు గల రెండు తీగలు, 100 కిలో ఓమ్‌ల పొటెన్షియోమీటర్ (తిప్పి నిరోధాన్ని మార్చగల రెసిస్టర్) ఒకటి, 4.7 నుంచి 100 కిలో ఓమ్‌ల వరకు పావు వాట్ రెసిస్టర్లు కొన్ని, హీట్ ష్రింక్ గొట్టం. ఆ పొటెన్షియోమీటర్ ఒక్కటి ఉంటే మిగతా లెక్కలు చేయకపోయినా పని జరిగిపోతుంది.

సరైన రెసిస్టర్‌ను వెతకడం

పవర్ కేబుల్, గిటార్ కేబుళ్లు, బ్యాటరీ అన్నీ తీసేసి, వెనుక పలక స్క్రూలు విప్పండి. దేన్నీ కదపకముందే రెండు మూడు కోణాల నుంచి ఫోటోలు తీసుకోండి. ఎల్‌ఈడీకి రెండు కాళ్లుంటాయి. ధన ధ్రువం యానోడ్, రుణ ధ్రువం క్యాథోడ్. బుడగ అంచు చదునుగా ఉన్న వైపుది క్యాథోడ్. ఈ రెండింటిలో ఏదో ఒకదాని నుంచి బయలుదేరిన దారిలో ఒక రెసిస్టర్ తగులుతుంది. మీరు వెతుకుతున్నది దాన్నే. తొమ్మిది కాళ్ల త్రీపీడీటీ ఫుట్‌స్విచ్ (ఒక్క నొక్కుతో మూడు దారులను మార్చే స్విచ్) వాడిన ట్రూ బైపాస్ పెడళ్లలో, అంటే ఆఫ్‌లో ఉన్నప్పుడు గిటార్ శబ్దాన్ని సర్క్యూట్ తగలకుండా నేరుగా పంపేవాటిలో, సాధారణంగా 9 వోల్టుల సరఫరా నుంచి రెసిస్టర్, అక్కడి నుంచి ఎల్‌ఈడీ, అక్కడి నుంచి స్విచ్‌లోని మూడో వరుస ద్వారా గ్రౌండ్ (సర్క్యూట్‌లోని సున్నా వోల్టుల వైపు) అనే క్రమం ఉంటుంది. రెసిస్టర్ మీది చారలు పసుపు, ఊదా, ఎరుపు అయితే అది 4.7 కిలో ఓమ్‌లు. గోధుమ, నలుపు, ఎరుపు అయితే ఒక కిలో ఓమ్. బోర్డు ఉపరితలానికి అతికించిన నల్లటి చిన్న రెసిస్టర్ మీద 472 అని ఉంటే 4.7 కిలో ఓమ్‌లు, 103 అని ఉంటే 10 కిలో ఓమ్‌లు.

అది ఎల్‌ఈడీదే అని నిర్ధారించుకోవడానికి పవర్ ఇచ్చి, పెడల్ ఆన్ చేసి, మల్టీమీటర్‌ను డీసీ వోల్టుల మీద పెట్టి ఆ రెసిస్టర్ రెండు కొనల మధ్య కొలవండి. నీలం లేదా తెలుపు ఎల్‌ఈడీ తన వంతుగా సుమారు 3 వోల్టులు, ఎరుపు సుమారు 2 వోల్టులు తీసుకుంటాయి కనుక 9 వోల్టుల సరఫరాలో రెసిస్టర్ మీద 6 లేదా 7 వోల్టులు కనిపించాలి. ఫుట్‌స్విచ్ నొక్కి దీపం ఆర్పగానే ఆ అంకె దాదాపు సున్నాకు పడిపోతే, సరైన రెసిస్టర్‌నే పట్టుకున్నారన్నమాట. కనిపించిన వోల్టులను రెసిస్టర్ విలువతో భాగిస్తే ఎల్‌ఈడీలో పారుతున్న కరెంటు వస్తుంది. నీలి ఎల్‌ఈడీ విషయంలో ఒక కిలో ఓమ్‌కు 6 మిల్లీ ఆంపియర్లు, 10 కిలో ఓమ్‌లకు 0.6, 22 కిలో ఓమ్‌లకు 0.27, 47 కిలో ఓమ్‌లకు 0.13 వస్తాయి. ఆ చివరి అంకె చూసి భయపడనక్కరలేదు; నేటి నీలి ఎల్‌ఈడీ అంత కరెంటుతోనూ చీకటిలో చక్కగా కనిపిస్తుంది.

పొటెన్షియోమీటర్‌తో పరీక్షించి చూడడం

ఉన్న రెసిస్టర్‌ను తీయవద్దు. పవర్ తీసేసి, ఎల్‌ఈడీకి వెళ్లే తీగను గానీ, బోర్డు మీదే ఉన్న ఎల్‌ఈడీ అయితే దాని ఒక కాలును గానీ టంకం కరిగించి విడదీయండి. విడిపోయిన రెండు కొనల మధ్య పొటెన్షియోమీటర్‌ను క్లిప్పులతో తగిలించండి. ఒక క్లిప్పు దాని మధ్య కాలుకు, రెండోది ఏదో ఒక చివరి కాలుకు. పాత రెసిస్టర్ దారిలోనే ఉంది కనుక పొటెన్షియోమీటర్‌ను సున్నాకు తిప్పినా ఎల్‌ఈడీకి ఏమీ కాదు. క్లిప్పులు పెడల్ లోహపు డబ్బాకు తగలకుండా ఒక అట్టముక్క అడ్డుపెట్టి పవర్ ఇవ్వండి.

ఇప్పుడు గది చీకటి చేసి, పెడల్‌ను నేల మీద ఉంచి, నాబ్‌ల మీది గీతలు ఎల్‌ఈడీ వెలుగులో కలిసిపోకుండా కనిపించేదాకా పొటెన్షియోమీటర్‌ను తిప్పండి. తరువాత దీపాలన్నీ వేసి, వీలైతే కిటికీ దగ్గర, దీపం వెలుగుతోందో లేదో ఇంకా తెలుస్తోందా అని చూడండి. ఆరుబయట పగటిపూట వాయించేవారికి ఈ రెండో పరీక్ష ముఖ్యం, ఎందుకంటే చీకటికి సరిపోయే వెలుగు ఎండలో కనబడదు. వారు రెండింటి మధ్య రాజీపడాలి. స్థానం కుదిరాక పవర్ తీసి, పొటెన్షియోమీటర్‌ను విడదీసి, వాడిన రెండు కాళ్ల మధ్య ఓమ్‌లు కొలవండి. ఉదాహరణకు 19 కిలో ఓమ్‌లు అని వస్తే, దగ్గరి ప్రామాణిక విలువలు 18, 22. తేడా కంటికి తెలియదు కనుక ఏది చేతిలో ఉంటే అది వాడవచ్చు.

టంకం పెట్టడం

ఎంచుకున్న రెసిస్టర్‌ను పొటెన్షియోమీటర్ ఉన్న చోటనే, అంటే పాతదానితో వరుసలో కలపడం అన్నిటికన్నా సురక్షితం. ఒక కొనను ఎల్‌ఈడీ కాలికి, రెండో కొనను తీగకు లేదా బోర్డు రంధ్రానికి టంకం పెట్టి, తెరిచి ఉన్న లోహం మీద హీట్ ష్రింక్ గొట్టం జరిపి వేడి చేయాలి. గొట్టాన్ని టంకం పెట్టకముందే తీగలోకి ఎక్కించి దూరంగా జరిపి ఉంచాలి. ఎల్‌ఈడీ కాలి మీద, ఫుట్‌స్విచ్ కాలి మీద ఐరన్‌ను రెండు మూడు సెకన్లకు మించి ఆనించకూడదు. ఫుట్‌స్విచ్ లోపలి ప్లాస్టిక్ వేడికి మెత్తబడితే స్విచ్ ఆ తరువాత ఎప్పుడో ఒకరోజు పట్టడం మానేస్తుంది.

ఇక్కడ తరచుగా జరిగే పొరపాటు ఒకటుంది. పాత రెసిస్టర్‌ను తీయడం కష్టమని దాని రెండు కొనల మీదే కొత్తదాన్ని ఎక్కించి టంకం పెడతారు. అలా సమాంతరంగా కలిపితే మొత్తం నిరోధం తగ్గుతుంది, 4.7 కిలో ఓమ్‌ల మీద 22 పెడితే మిగిలేది సుమారు 3.9 మాత్రమే, దీపం ఇంకా ఎక్కువ వెలుగుతుంది. పాతదాన్ని తీసి ఒక్కటే పెట్టాలనుకుంటే రెండింటి మొత్తానికి దగ్గరి విలువను వాడాలి. ఉపరితలానికి అతికించిన రెసిస్టర్లను చేయి తిరగనివారు ముట్టుకోకుండా, ఎల్‌ఈడీ కాలి దగ్గరే పని ముగించడం మంచిది.

వేదిక మారినప్పుడల్లా వెలుగు మార్చుకోవాలనుకునేవారు 100 కిలో ఓమ్‌ల ట్రిమ్‌పాట్‌ను (స్క్రూడ్రైవర్‌తో తిప్పే బుల్లి పొటెన్షియోమీటర్) శాశ్వతంగా లోపల ఉంచుకోవచ్చు. ఎల్‌ఈడీనే మార్చేసి, మసక కటకం గల పాత రకం ఎరుపుది పెట్టడం కూడా చక్కని పరిష్కారమే, 4.7 కిలో ఓమ్‌లతో దానికి దాదాపు 1.5 మిల్లీ ఆంపియర్లు అందుతాయి. రంగు మారడం అభ్యంతరం కాకపోతే, నేను ముందుగా ఎంచుకునేది ఇదే.

ముట్టుకోకూడని దీపాలు

పెడల్‌లో కనిపించే ప్రతి ఎల్‌ఈడీ సూచిక దీపం కాదు. కొన్ని డిస్టార్షన్ పెడళ్ల బోర్డు మీద ఎదురెదురు దిశల్లో ఉండే జంట ఎల్‌ఈడీలు శబ్దాన్ని కత్తిరించే క్లిప్పింగ్ డయోడ్లు; తీగ గట్టిగా మీటినప్పుడు అవి మినుకుమంటాయి కూడా. ఆప్టికల్ కంప్రెసర్లు, ట్రెమోలోలలో ఎల్‌ఈడీ వెలుగు కాంతికి స్పందించే రెసిస్టర్ మీద పడి శబ్దాన్ని నడిపిస్తుంది. యూని-వైబ్ తరహా పెడళ్లలో ఆ పనిని నాలుగు ఫోటో రెసిస్టర్ల మధ్య ఉన్న చిన్న బల్బు చేస్తుంది. వీటి వెలుగు మారిస్తే శబ్దమే మారిపోతుంది. కోరస్, ట్రెమోలోల వేగాన్ని చూపుతూ మినుకుమనే ఎల్‌ఈడీ కొన్ని డిజైన్లలో ఆ సర్క్యూట్‌లో భాగమై ఉంటుంది కనుక, పొటెన్షియోమీటర్ తగిలించి ఉన్నప్పుడే వాయించి, వేగం, లోతు మారలేదని వినాలి. మూడు లేదా నాలుగు కాళ్లతో రంగులు మార్చే ఎల్‌ఈడీలో ఒక్కో రంగుకు ఒక్కో రెసిస్టర్ ఉంటుంది. ఉమ్మడి కాలులో ఒక్కటే రెసిస్టర్ వేస్తే రంగుల కలయిక తప్పుతుంది, ప్రతి రంగుకూ విడిగా వేయాలి. ఇక వెలుగు తగ్గించడానికి ఎల్‌ఈడీని వేగంగా ఆర్పి వెలిగించే సర్క్యూట్‌ను అనలాగ్ పెడల్‌లో కొత్తగా చేర్చడం అనవసరమైన సాహసం. అలా ఆరి వెలిగే కుదుపు సరఫరా ద్వారా శబ్దంలోకి చేరి సన్నని కూతగా వినబడవచ్చు.

మూసే ముందు

వెనుక పలక బిగిస్తే కొత్త రెసిస్టర్ ఏ లోహానికీ తగలదని చూసి, పవర్ ఇచ్చి, గిటార్ తగిలించి, ఎఫెక్ట్‌ను పలుమార్లు ఆన్ ఆఫ్ చేయండి. ఇంతకుముందు స్విచ్ నొక్కగానే ఆంప్లిఫయర్‌లో టప్ మని వినిపించే పెడళ్లలో ఆ శబ్దం కొంత తగ్గినట్టు కొన్నిసార్లు గమనిస్తారు. ఎల్‌ఈడీ వెలగగానే సరఫరా మీద పడే కుదుపు ఇప్పుడు చిన్నది కావడమే అందుకు కారణం. బ్యాటరీ మీద నడిపేవారికి ఇంకో లాభం ఉంది. మూడు నాలుగు మిల్లీ ఆంపియర్లతో నడిచే ఓవర్‌డ్రైవ్‌లో ఎల్‌ఈడీ ఒక్కటే 6 మిల్లీ ఆంపియర్లు తాగుతూ ఉంటే, దాన్ని అర మిల్లీ ఆంపియర్‌కు దించడంతో బ్యాటరీ రెట్టింపు కంటే ఎక్కువ కాలం వస్తుంది. అయితే బ్యాటరీ బలహీనపడుతోందని దీపం మసకబారడాన్ని బట్టి కనిపెట్టే అలవాటున్నవారికి ఆ ఆనవాలు ఇకపై అంత స్పష్టంగా కనిపించదు. ఆ సంగతి తెలియడానికి మల్టీమీటర్‌తో బ్యాటరీని కొలవవలసిందే. చివరగా, ఎంత విలువ రెసిస్టర్‌ను ఎక్కడ చేర్చారో చిన్న కాగితం మీద రాసి వెనుక పలక లోపలి వైపు అతికించి, నాలుగు స్క్రూలను ఒక్కొక్కటిగా కాక మూలల వెంట మార్చి మార్చి బిగించండి.